మూడో మెట్టు మీద ఎలుగుబంటి

పెరుందేవికి తోడికోడలు కుముదవల్లి పేరు చెబితే ఒళ్ళు మండేది. కుముదవల్లికి పెరుందేవి నీడ కనబడితే చాలు, అంతకు రెండింతలు మండేది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి మాడవీధిలో, ఒకే కప్పు కింద, ఒకే వంటింట్లో వాళ్ళిద్దరూ పన్నెండేళ్ళు ఎలా నెట్టుకొచ్చారో ఆ పెరుమాళ్ళకే తెలియాలి. మాటలు లేవని కాదు. మాటలకేం, కావలసినన్ని ఉండేవి. కాకపోతే ఒకరి ముఖం ఒకరు చూసి కాదు. ఈ ఇంట్లో కొందరికి చెంబు కడిగి బోర్లించేది కూడా రాదని ఒకరు గోడకు చెబితే, కొందరికి నోరు కడుక్కునేదే రాదని ఇంకొకరు కిటికీకి చెప్పేవారు. ఆ గోడకూ కిటికీకీ నోళ్ళుంటే తిరుపతి కొండ ఎక్కి తలనీలాలిచ్చి ఎటైనా వెళ్ళిపోయేవి.

వాళ్ళ మొగుళ్ళు మంచివాళ్ళు. అంటే ఎందుకూ పనికిరానివాళ్ళని అర్థం. పెద్దవాడు, కుముదవల్లి మొగుడు శఠగోపం, కోవెలలో ఆళ్వార్ల పాశురాలు చదివి ప్రబంధం సేవిస్తాడు. ఇంట్లో కేకలు మొదలవగానే ఆయనకు కోవెల పని గుర్తొచ్చేది. చిన్నవాడు, పెరుందేవి మొగుడు సంపత్కుమార్, ఆఫీసు గుమస్తా. ఆయనకు చెవిలో ఏదో అడ్డుపడినట్టు ఉండేది. ఆ ఇంటికి అసలు మనిషి అత్తగారు వకుళాదేవి. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. మడి, ఆచారం అంటే ప్రాణం. గొంతు పెంచి ఎరుగదు. ఆవిడ మాటకు మాత్రం ఇద్దరు కోడళ్ళూ తలొంచేవారు.

ఈ మంటకు మొదటి పుల్ల పెరుందేవి కాపురానికి వచ్చిన నాడే పడింది. ఆ ఇంట్లో దసరాకు ఏడు మెట్ల బొమ్మల కొలువు పెడతారు. ఇంటికొచ్చిన ప్రతి కోడలికీ ఒక మెట్టుంటుంది. పుట్టింటి నుంచి తెచ్చిన బొమ్మలను ఆ మెట్టు మీద తన చేత్తో పెట్టుకోవాలి. పుత్తూరులో బడిపంతులైన పెరుందేవి నాయన వేంకటాచలపతి, కూతురికి ఎర్రచందనం రాజూ రాణీ బొమ్మల జతను ముచ్చటపడి కొనిచ్చాడు. గృహప్రవేశం రోజు ఆ మూటను లోపల పెడతానని కుముదవల్లి చేతిలోకి తీసుకుంది. సాయంత్రం మూట విప్పితే రాణికి ముక్కు లేదు. విరిగిన బొమ్మ కొలువుకు పనికిరాదు. అది బస్సులో విరిగిందని కుముదవల్లి అంది. చేతిలో విరిగిందని పెరుందేవి అనలేదు గానీ, ఆ క్షణం నుంచి చచ్చేదాకా అదే నమ్మింది. మళ్ళీ కొనిచ్చేలోగా నాయన పోయాడు.

అప్పటినుంచీ ప్రతి దసరాకూ ఆ ఇంటి కొలువులో పెరుందేవికి రావలసిన మూడో మెట్టు మీద కుముదవల్లి తన కొట్టు చెట్టియార్ దంపతుల బొమ్మలనూ, మట్టి కాయగూరలనూ పరిచేది. బొమ్మల పెట్టె తాళాలు ఆవిడ నడుముకే వేలాడేవి. పేరంటానికి వచ్చిన ముత్తైదువలు కొత్త కోడలి బొమ్మలేవని అడిగేవారు. కొత్త కోడలు పాతబడి, ఇద్దరాడపిల్లల తల్లయినా ఆ ప్రశ్న పాతబడలేదు. దానికి జవాబు చెప్పే అవకాశాన్ని కుముదవల్లి ఎప్పుడూ పెరుందేవికి ఇవ్వలేదు. "ఆమె పుట్టింటోళ్ళవి ఇంకా దావలోనే ఉండాయి, వస్తాయిలే" అని నవ్వుతూ తాంబూలం చేతిలో పెట్టేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా పెరుందేవికి ఒకటే కోరిక పుట్టేది. నగలొద్దు, వేరు కాపురమూ వద్దు. ఆ మెట్టు కావాలి. ఆ ఒక్క మెట్టు తనదని నలుగురూ చూడాలి.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో పిల్లల కోసమని ఊళ్ళో ఒక హాల్లో ఆదివారాలు పొద్దుటి పూట గీసిన బొమ్మల సినిమా వేశారు. ఏదో చలిదేశం సినిమా. మాటలు ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, కథ అందరికీ అర్థమైంది. కొండల మధ్య ఒక చిన్న రైల్వే స్టేషను. దానికి ఎలుగుబంటి స్టేషన్ మాస్టరు. పొట్ట మీద బొత్తాలు పట్టని నీలంకోటు, చేతిలో ఎర్రజెండా. ఒక బాతమ్మ రోజూ టోపీ సర్దుకుంటూ వచ్చేసరికి రైలు వెళ్ళిపోతుంది. రెండు ముళ్ళపందులు ఆవిడ పెట్టె మోస్తాయి. నక్క టికెట్ కలెక్టరు అందరి మీదా కస్సుబుస్సులాడుతుంది. చివర్లో ఎలుగుబంటి కదిలిన రైలును జెండా ఊపి ఆపి, బాతమ్మను ఎక్కిస్తుంది. పెరుందేవి కూతుళ్ళతో వెళ్ళింది. పిల్లలు నవ్వుతుంటే ఆవిడ ముక్కు చీదుకుంది. ఒక్కరి కోసం రైలునాపే మనిషిని ఆవిడ అంతకు ముందు చూడలేదు. పై ఆదివారం మళ్ళీ వెళ్ళింది. ఆ పై ఆదివారం పిల్లలు రామన్నా చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

ఆవిడకు క్రోషా అల్లిక వచ్చు. పెళ్ళికి ముందు పుత్తూరు మహిళా మండలిలో నేర్చుకుంది. రేడియో మీద గుడ్డా, కిటికీ తెరల అంచులూ తప్ప ఆ పనితనానికి ఆ ఇంట్లో వేరే దారి దొరకలేదు. ఇప్పుడు దొరికింది. గాంధీ రోడ్డులో దొరస్వామి అని ఒక దారాల కొట్టాయన ఉండేవాడు. నీలం, గోధుమరంగు, తెలుపు, కాషాయం ఊలు ఉండలు కొంటూ, ఇది అచ్చమైన గొర్రె బొచ్చేనా అని పెరుందేవి గుచ్చి గుచ్చి అడిగింది. అచ్చమైందేనని, బెంగళూరు నుంచి తెప్పించానని దొరస్వామి వెంకన్న మీద ఒట్టేశాడు. ఆవిడ ఎందుకంత గట్టిగా అడిగిందో తర్వాత తెలుస్తుంది.

ఊలు బొమ్మను ముక్కు దగ్గర మొదలుపెట్టాలి. ఒక చిన్న ముడి చుట్టూ వలయాలు వలయాలుగా కొక్కెం సూదితో అల్లుకుంటూ, బుగ్గ రావలసిన చోట ముళ్ళు పెంచుతూ, మెడ దగ్గర తగ్గిస్తూ పోవాలి. లోపల బూరుగుదూది కూరాలి. చూసి అల్లడానికి ఎదుట ఏమీ లేదు, అంతా కళ్ళలో ఉన్నదే. మొదటి ఎలుగుబంటి పందిలా వచ్చింది. విప్పేసింది. రెండోది శఠగోపం బావగారిలా వచ్చింది. దాన్ని కాసేపు చూసి నవ్వుకుని విప్పేసింది. మూడోది నీలంకోటులోంచి పొట్ట తోసుకుని, చొక్కా గుండీల కళ్ళతో, అచ్చం స్టేషన్ మాస్టరై కూర్చుంది. బాతు మెడ మాత్రం నిలబడక వాలిపోతుంటే లోపల కొబ్బరి ఈనె ఒకటి దోపింది.

వీధిలో పిల్లలందరూ ఆ సినిమా చూసినవాళ్ళే. బొమ్మలను చూడగానే ఇంటి మీదకు ఎగబడటం మొదలుపెట్టారు. కుముదవల్లి కూతురు కూడా బాతమ్మను చంకనేసుకుని తిరిగేది. కుముదవల్లి ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చి బాతును పెరట్లోకి విసిరేసింది. పెరుందేవి దాన్ని దులిపి తెచ్చుకుని కిటికీతో ఒకే మాట అంది. "ఈ దసరాకు మూడో మెట్టు నాది."

మహాలయ అమావాస్య నాడు కొలువు మెట్లు కట్టారు. పెరుందేవి బుట్ట పట్టుకుని వచ్చి నిలబడింది. కుముదవల్లి మడిపట్టు కట్టుకుని మెట్ల ముందు కావలి కాసింది. ఆ రోజు గోడలకూ కిటికీలకూ సెలవు. ఇద్దరూ ముఖాముఖి దిగారు. పెరుమాళ్ళున్న కొలువులో సినిమా ఎలుగుబంటి ఏందని కుముదవల్లి అడిగింది. రాములవారి పక్కన జాంబవంతుడు లేడా, ఆయన నీలంకోటు వేసుకుంటే మీకు కనబడడా అని పెరుందేవి. బాతు మెడలో చీపురు పుల్ల ఉందని కుముదవల్లి. అది చీపురు కాలేదు, ఇంకా ఈనే, ఎవరి చేతిలో పడితే చీపురవుతుందో నాకు తెలుసని పెరుందేవి. వీధి పిల్లలు ఎంగిలి చేతులతో తడిమిన బొమ్మలు మైలపడ్డాయని కుముదవల్లి చివరి మాటగా అంది. ఆ మాట కోసమే పెరుందేవి ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది.

"నూలైతే మైల పడతాది. ఇది ఊలు. అత్తయ్యనే అడుగుదాం పద."

వకుళాదేవి పీట మీద కూర్చుని అంతా వింటోంది. ఆచారం తెలిసినవాళ్ళు ఎవరైనా ఒప్పుకునే మాటే అది. నూలుబట్టను ఎవరైనా ముట్టుకుంటే మడి పోతుంది. పట్టుకూ ఊలుకూ ఆ బాధ లేదు. అందుకే మడి వంటకు పట్టుచీర, చలికి ఊలు శాలువ. ఆవిడ ఎలుగుబంటిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, దాని పొట్ట నొక్కి చూసింది. పెదవి కొస కొంచెం కదిలింది. పుట్టింటి బొమ్మ లేనప్పుడు చేత్తో చేసిందే పుట్టింటి బొమ్మ అని తేల్చింది. "ఊలుకు మైల లేదు కుముదా. ఆ మెట్టు ఇచ్చెయ్" అంది. పన్నెండేళ్ళ తర్వాత పెరుందేవి తన మెట్టు మీద తన చేత్తో బొమ్మలు పెట్టుకుంది. ఎలుగుబంటి, బాతమ్మ, పెట్టె మోసే ముళ్ళపందులు, నక్క.

ఇక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది. ఊరుకునే మనిషైతే ఆవిడ పెరుందేవి ఎందుకవుతుంది? గెలిచిన మనిషికి గెలుపు చాలలేదు. ఓడిన మనిషి ముఖం మీద పూయాలనిపించింది. కుముదవల్లికి ముక్కుకు రెండు వైపులా రాళ్ళ బేసరులుండేవి, నడుముకు తాళాల గుత్తి. రెండు రోజుల పాటు గదిలో తలుపేసుకుని కూర్చుని, పెరుందేవి నక్క ముక్కుకు అటొకటి ఇటొకటి తెల్లపూసలు కుట్టింది. టికెట్ కలెక్టరు నడుముకు ఇత్తడి తీగతో చిట్టి తాళాల గుత్తి తగిలించింది. నోరు తెరిచి అరుస్తున్నట్టు ఎర్రదారంతో నాలుక కూడా పెట్టింది. చేతిలో పని ఎంత బాగా వచ్చిందంటే, ఆవిడకే భయమేసింది. అయినా తీసుకెళ్ళి మెట్టు మీద పెట్టింది.

మూడో రోజు సాయంత్రం పేరంటం. కోవెలలో సేవ చేసే కైంకర్యపరుల ఇళ్ళ ఆడవాళ్ళు చాపల మీద నిండుగా కూర్చున్నారు. మొదట నక్కను చూసినావిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ పక్కావిడను పొడిచింది. నవ్వు చాప మీద ఒకరి నుంచి ఒకరికి పాకింది. కుముదవల్లి నైవేద్యమైన శనగ గుగ్గుళ్ళ గిన్నెతో వంటింట్లోంచి వచ్చింది. ఒంటి మీద మడిపట్టు అలాగే ఉంది. అందరి చూపులూ తన ముక్కు మీద నుంచి మెట్టు మీదకూ, మెట్టు మీద నుంచి ముక్కు మీదకూ తిరుగుతుంటే, ఆవిడా అటు చూసింది.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత ఆ చాపల మీదున్న వాళ్ళందరూ అన్నారు. గిన్నె కింద పెట్టి, నక్కను తీసి, దాని తోక కొసన ఒక పోగు లాగి, కుందిలో వెలుగుతున్న దీపానికి అందించింది. పోగు మండలేదు. ముడుచుకుని, కరిగి, నల్లటి బొట్టై పోయింది. ప్లాస్టిక్ బిందెకు నిప్పంటుకున్న వాసన గదంతా కొట్టింది. ఊలైనా పట్టైనా కాలితే వెంట్రుక కాలిన వాసన రావాలి, వేళ్ళతో నలిపితే బూడిద కావాలి. అది తెలియని ఆడది ఆ గదిలో లేదు.

"ఊలంట అత్తయ్యా. చూడండి. నైలాన్ బొమ్మలు తెచ్చి పెరుమాళ్ళ ముందర పెట్టి, మీ నోటితోనే సరే అనిపించుకునింది."

పెరుందేవి నిలువునా కాలిపోయింది. తను మోసం చేయలేదు. దొరస్వామి ఒట్టు నమ్మి మోసపోయింది. ఆ మాట చెప్పబోయేలోగా చాపల మీద ఇందాకటి నవ్వు ఇప్పుడు తన వైపు తిరిగింది. వకుళాదేవి కోడలి ముఖం చూడకుండా, బొమ్మలు తీసెయ్యమని నెమ్మదిగా చెప్పింది. కుముదవల్లి మెట్టు ఖాళీ చేయడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యీ, ఆ ముక్కూ, ఆ మడీ చూసేసరికి పెరుందేవికి ఒళ్ళు తెలియలేదు. ఆవిడకు తెలిసిందేమీ లేదు, అనుమానం కూడా లేదు. ఉన్నదంతా కసి. ఒక్క అంగలో వెళ్ళి కుముదవల్లి కొంగు పట్టుకుని కుచ్చులోంచి ఒక పోగు తెంపింది.

"నా దారం కాల్చినావు కదక్కా. నీ మడి కూడా కాల్చి చూద్దాం."

పోగు దీపానికి తగిలింది. ముడుచుకుంది. కరిగింది. నల్లబొట్టు కుంది అంచు మీద పడింది. మళ్ళీ అదే వాసన.

ఒక్క రెప్పపాటు, ఒకే ఒక్క రెప్పపాటు, పెరుందేవికి కడుపు నిండిపోయింది. పన్నెండేళ్ళ తాంబూలాల నవ్వులన్నీ ఆ నల్లబొట్టులో కరిగిపోయాయనిపించింది. కుముదవల్లి ఏమంటుందా అని చూసింది. కుముదవల్లి ఆవిడ వంక చూడటం లేదు. అత్తగారి వంక చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది పెరుందేవికి, ఆ చీర కుముదవల్లిది కాదని. షష్టిపూర్తికి మామగారు కంచికి పోయి స్వయంగా కొనుక్కొచ్చి వకుళాదేవికి కట్టించిన చీర అది. ఆయన పోయేదాకా ఆవిడ ఆ చీరతోనే రోజూ పెరుమాళ్ళకు తళిగ, అంటే నైవేద్యపు వంట, వండింది. వంటిల్లు పెద్దకోడలి చేతికిచ్చిన రోజున, చీరను కూడా మడతపెట్టి ఆ చేతుల్లో పెట్టింది.

వకుళాదేవి పీట మీద నుంచి లేచింది. కుముదవల్లి కొంగు అందుకుని, అంచును వేళ్ళ మధ్య చాలాసేపు నలిపింది. "ఆయనకు తెలిసుండదు" అంది, ఎవరితోనో తెలియదు. కుముదవల్లి బొమ్మలు తీయడానికి మళ్ళీ మెట్టు వైపు తిరిగితే, అత్తగారు ఆ చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ కుముదా. ఇంక మైల పడేదానికి ఈ ఇంట్లో ఏముండాది."

అని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

శఠగోపం పెద్దలను కనుక్కుని వచ్చాడు. తెలియక జరిగినదానికి దోషం లేదన్నారు వాళ్ళు. పుణ్యాహవాచనం చేయించారు. కొత్త పట్టుచీర కొని, అందరి ఎదుటా పోగు కాల్చి, వెంట్రుక వాసన చూపించారు. వకుళాదేవి అన్నిటికీ తలూపింది. కానీ ఆ ఇంట్లో వండిన తళిగ మళ్ళీ ముట్టలేదు. అటుకులూ పాలూ పండూ తప్ప ఏమీ తీసుకునేది కాదు. దేవుడి గది గడప దాకా వచ్చి, దూరం నుంచే సేవించుకుని వెనక్కి పోయేది. అన్నేళ్ళూ కరిగే గుడ్డ కట్టుకుని పెరుమాళ్ళకు వడ్డించిన చేతులని తన చేతులను తనే చూసుకునేది. పెరుందేవి కాళ్ళ మీద పడి ఏడ్చింది. "నువ్వేం చేసినావమ్మా, ఉండేది చూపించినావు" అని ఆవిడ తల నిమిరింది. అంతకన్నా చెంప మీద కొట్టి ఉంటే పెరుందేవి తట్టుకునేది. రెండు వానాకాలాలు అలాగే ఎండి, మూడో వానాకాలంలో ఆవిడ పోయింది.

ఏడాది మైల తీరాక మళ్ళీ దసరా వచ్చింది. పెరుందేవి తన బొమ్మల బుట్టను ఆ గొడవ నాటి దసరా కాగానే అటక మీదకు తోసేసి, మళ్ళీ వాటి ఊసెత్తలేదు. అమావాస్య నాడు కుముదవల్లే నిచ్చెన వేసి ఎక్కి, బుట్ట దించి, బూజు దులిపింది. మూడో మెట్టు మీద తెల్లగుడ్డ పరిచి ఎలుగుబంటినీ, బాతమ్మనూ, ముళ్ళపందులనూ, ముక్కుపూసల నక్కను కూడా వరసగా కూర్చోబెట్టింది. పేరంటానికి వచ్చిన ప్రతి మనిషికీ వాటిని చూపించింది. ఇవేనమ్మా ఆ బొమ్మలు, వీటి కోసమే మా అత్తయ్య అన్నం మానేసింది అని ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పింది. విన్నవాళ్ళు ఎలుగుబంటిని చూసి, ఆ తర్వాత పెరుందేవిని చూశారు. మొదటి రోజు పేరంటం ముగియగానే పెరుందేవి మెట్టు దగ్గరకు పోయి నక్క మీద చెయ్యి వేసింది. తనవే కదా, తీసేసుకుంటానంది. బతిమాలుకుంది కూడా.

కుముదవల్లి ఆ చేతిని మెల్లగా తప్పించింది.

"మెట్టు అడిగినావు కదా. ఇచ్చినాను. ఉండనీ."

కుముదవల్లి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, ఏ దసరాకూ ఆ బొమ్మలు ఆ మెట్టు దిగలేదు.